ఖాళీ బిళ్లలో నికోటిన్
(ప్రశ్న – జవాబు)

ఉద్యోగంలో ఉండగా సిగరెట్లు తాగే యంత్రాన్ని నడిపేవాణ్నని పోయిన నెల ఈ శీర్షికలో మాటవరసకు రాశాను. ఆ ఒక్క వాక్యానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. కాబట్టి ఈ నెల పేజీ మొత్తం పొగకే. నేను వైద్యుణ్ని కాను, రసాయన విశ్లేషకుణ్ని. 31 ఏళ్లు ప్రయోగశాలలో పనిచేశాను, అందులో 12 ఏళ్లు పొగతోనే గడిచాయి. 19 ఏళ్లు సిగరెట్లు తాగాను కూడా. మానేసి 26 ఏళ్లయింది. ఈ రెండు అర్హతలూ కలిపి చదువుకోండి.

*

ప్రశ్న: పొగాకు కూడా ఒక ఆకే కదా! సిగరెట్ పొగలో 7,000 రసాయనాలు ఉంటాయంటారు. అవన్నీ ఎవరు కలుపుతున్నారు? ఏమీ కలపని ఆకును నేనే చుట్టుకుని తాగితే ప్రమాదం తగ్గుతుందా?
— పేరు వేయవద్దన్న పాఠకుడు

జవాబు: ఎవరూ కలపనక్కరలేదండీ, నిప్పే తయారు చేస్తుంది. దమ్ము లాగినప్పుడు సిగరెట్ కొసన నిప్పు వేడి సుమారు 900 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. ఆ నిప్పుకు వెనక, కొద్ది మిల్లీమీటర్ల మేర, వేడి ఉంటుంది గాని ఆక్సిజన్ చాలదు. అసలు వ్యవహారమంతా ఆ ఇరుకు చోటులోనే నడుస్తుంది. ఆకులో ఉన్న చక్కెరలు, సెల్యులోజ్, మాంసకృత్తులు, మైనం అక్కడ పూర్తిగా కాలిపోవు. విరిగి ముక్కలవుతాయి. ఆ ముక్కలు చేతికందిన దానితో అతుక్కుంటాయి. చక్కెరల నుంచి ఫార్మాల్డిహైడ్, ఎసిటాల్డిహైడ్ వస్తాయి. మాంసకృత్తుల నుంచి హైడ్రోజన్ సయనైడ్ వస్తుంది. బెంజీన్, బ్యూటాడయీన్, బెంజోపైరీన్ లాంటివన్నీ ఈ అరకొర మంటకు పుట్టిన సంతానమే. గుర్తించినవి 7,000 దాటాయి. వాటిలో క్యాన్సర్ తెచ్చేవని తేలినవి సుమారు 70.

మీ ఆకు అమాయకురాలేమీ కాదు, అది తనతో తెచ్చే సరుకు కూడా ఉంది. ఆకును కోశాక ఆరబెట్టి పదును చేసే దశలోనే, అందులోని నికోటిన్, దాని చుట్టాలు మరికొన్ని రసాయనాలతో కలిసి నైట్రోసమీన్లు అవుతాయి. పొగాకులో తప్ప మరెక్కడా ఇంతగా కనిపించని రకాలు అవి. ఎన్‌ఎన్‌కే, ఎన్‌ఎన్‌ఎన్ అని పొట్టి పేర్లు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ రెండింటినీ మనుషుల్లో క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి వర్గంలో చేర్చింది. మొక్క మట్టిలోంచి కాడ్మియంను పీల్చుకుంటుంది. ఆకు మీద జిగురు పూసినట్టుండే సన్నటి నూగు గాలిలోని రేడియోధార్మిక ధూళిని పట్టుకుంటుంది. పొగాకు పొగలో పొలోనియం-210 అనే రేడియోధార్మిక పదార్థం ఉందని 1964లో ఎడ్వర్డ్ రాడ్‌ఫర్డ్, విల్మా హంట్ ప్రకటించారు. మీరు ఎంత శుద్ధమైన ఆకు చుట్టుకున్నా ఇవేవీ తగ్గవు. పొగాకే లేని మూలికల సిగరెట్లు తాగుతున్నామని ఇంకో ఇద్దరు రాశారు. వాటిలో నికోటిన్ ఉండదు, నిజమే. కాల్చినప్పుడు తారు, కార్బన్ మోనాక్సైడ్ మాత్రం పుడతాయి. నిప్పు మూలికనూ అలాగే విరగ్గొడుతుంది.

*

ప్రశ్న: నేను తాగే పెట్టె మీద ‘తారు 5 మిల్లీగ్రాములు’ అని ఉండేది. మా అన్నయ్య తాగే దాని మీద 12. అంటే నాకు వచ్చే ముప్పు సగం కంటే తక్కువే కదా?
— ఒక బ్యాంకు ఉద్యోగి

జవాబు: అలాంటి అంకెలను రాసి ఇచ్చే పని నాదే కాబట్టి దీని గురించి కాస్త తీరిగ్గా చెబుతాను.

పరీక్షకు వచ్చిన సిగరెట్లను ముందు 22 డిగ్రీల వేడిలో, 60 శాతం తేమలో కనీసం 48 గంటలు ఉంచాలి. అంత మర్యాద వాటికి మరెక్కడా దక్కదు. తర్వాత ఒక్కోదాన్నీ యంత్రం మూతిలో బిగిస్తాం. యంత్రం నిమిషానికి ఒకసారి, సరిగ్గా 2 సెకన్ల పాటు, 35 మిల్లీలీటర్లు లాగుతుంది. మిగతా 58 సెకన్లు ఊరకే ఉంటుంది. దానికి దిగులు లేదు, పై అధికారి మీద కోపం లేదు. పొగ 44 మిల్లీమీటర్ల వెడల్పున్న గాజునార బిళ్ల గుండా వెళ్తుంది. పెట్టేటప్పుడు ఆ బిళ్ల సున్నంలా తెల్లగా ఉంటుంది. ఐదు సిగరెట్లయ్యాక తీస్తే నడుమ ముదురు గోధుమ రంగు, దాని చుట్టూ తేనె రంగు. బిగింపు పట్టిన అంచున మాత్రం సన్నటి తెల్లటి వలయం మిగులుతుంది. పట్టకారు కొసకు జిగురు అంటుకుంటుంది. ముందు తూచిన బరువుకూ తర్వాత తూచిన బరువుకూ ఉన్న తేడాలోంచి నీటినీ నికోటిన్‌నూ తీసేస్తే మిగిలేదే తారు. అంటే తారు ఒక రసాయనం పేరు కాదు. లెక్కలో మిగిలిన మడ్డికి మేం పెట్టుకున్న పేరు. అందులో ఏ పదార్థం ఎంత ఉందో ఆ అంకె చెప్పదు.

ఇక మీ 5 సంగతి. సిగరెట్ వడపోత ముక్క చుట్టూ ఉన్న కాగితాన్ని విప్పి దీపానికి ఎదురుగా పట్టుకోండి. సూదిమొన కంటే సన్నటి రంధ్రాల వరస కనిపిస్తుంది. యంత్రం లాగినప్పుడు ఆ రంధ్రాల్లోంచి బయటి గాలి చొరబడి పొగను పలచన చేస్తుంది, అంకె పడిపోతుంది. మనిషి తాగేటప్పుడు ఆ రంధ్రాలు ఎక్కడుంటాయి? వేళ్ల కిందో, పెదవుల మధ్యో. పైగా మెదడు అడిగేది నికోటిన్ లెక్క. తక్కువ పడితే ఇంకాస్త గట్టిగా, లోతుగా, వెంటవెంటనే లాగిస్తుంది. ఈ తప్పు సర్దడానికి తర్వాత కఠినమైన పద్ధతి ఒకటి వచ్చింది: 55 మిల్లీలీటర్లు, అర నిమిషానికి ఒకసారి, రంధ్రాలు మూసేసి. రంధ్రాలున్న సిగరెట్‌ను ఆ పద్ధతిలో పెడితే అంకె రెట్టింపు దాటడం మామూలే. సిగరెట్ మారలేదు, తాగే తీరు మారిందంతే.

‘లైట్’, ‘మైల్డ్’ అనే మాటలను సిగరెట్ పెట్టెల మీద వాడకూడదని అమెరికా 2010లో నిషేధించింది అందుకే. ఇంకో చిక్కూ ఉంది. 1950ల తర్వాత వచ్చిన సిగరెట్ల నిర్మాణం, కూర్పు కారణంగా తాగేవాళ్లలో ఊపిరితిత్తుల అంచుల్లో ఎక్కువగా పుట్టే అడినోకార్సినోమా అనే రకం క్యాన్సర్ ముప్పు పెరిగిందని అక్కడి ప్రజారోగ్య ప్రధానాధికారి (సర్జన్ జనరల్) 2014 నివేదిక తేల్చింది. లోతుగా పీల్చిన పొగ లోతుగానే చేరుతుంది మరి.

ఇదంతా తెలిసిన నేను అప్పట్లో ఏం చేశానో అడగండి. బిళ్లలు తూచి, అంకె రాసి, చేతులు దులుపుకుని బయటికి వెళ్లి తక్కువ తారు రకం ఒకటి వెలిగించేవాణ్ని. బిళ్ల రంగు చూసి మానేశానని చెప్పుకుంటే కథ బాగుండేది. కాని ఆ తర్వాత ఇంకో తొమ్మిదేళ్లు తాగాను.

*

ప్రశ్న: మా తాతగారు రోజుకో పెట్టె తాగి 88 ఏళ్లు బతికారు. దీనికి మీ రసాయన శాస్త్రం ఏమంటుంది?

జవాబు: అదృష్టవంతులు అంటుంది. పొగ తాగేవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ రానివాళ్లే ఎక్కువమంది. అది దాచాల్సిన విషయమేమీ కాదు. అయితే తాగనివాళ్లతో పోలిస్తే ముప్పు 15 నుంచి 30 రెట్లు. దాన్ని తప్పించుకున్నవాళ్లకు గుండెజబ్బు, శ్వాసకోశ వ్యాధి కాపు కాసి ఉంటాయి. జీవితాంతం మానకుండా తాగేవాళ్లలో సుమారు సగం మందిని చివరికి ఆ అలవాటే చంపుతుందని బ్రిటిష్ వైద్యుల మీద జరిగిన సుదీర్ఘ పరిశీలన చెప్పింది. మీ తాతగారు రెండో సగం. ఆయన తోటివాళ్లలో మొదటి సగం వాళ్ల మనవలు నాకు ఉత్తరం రాయలేదు.

*

ప్రశ్న: మా వారు ఇంట్లో తాగరు. బాల్కనీలో తాగి లోపలికి వచ్చి నేరుగా పాపను ఎత్తుకుంటారు. పాపకు ఏడాదిన్నర. చొక్కాకు వాసన వస్తోందంటే, ‘వాసనతో జబ్బులు రావు’ అంటారు. నాది చాదస్తమా?
— ఒక తల్లి

జవాబు: కాదమ్మా. మీ ముక్కు మంచి పరికరం.

ఒక సంఘటన చెబుతాను. మా పనిలో ప్రతి విడతకూ ఒక ఖాళీ బిళ్ల ఉంచేవాళ్లం. దాని గుండా పొగ పంపం. మిగతా బిళ్లల్లాగే ద్రావణంలో నానబెట్టి పరికరంలో పెడతాం, సున్నా రావాలి. ఒకసారి వరసగా మూడు విడతల్లో ఖాళీ బిళ్లలో నికోటిన్ కనిపించింది. ద్రావణం మార్చాం. గాజుసామగ్రి మళ్లీ కడిగాం. పరికరంలోని గొట్టం మార్చాం. రెండు రోజులు పోయాయి. చివరికి మా ప్రయోగశాలలో అందరికంటే చిన్నదైన అమ్మాయి నా కుడిచేతి వేళ్ల వైపు చూసి, ‘సార్, ఈ విడత బిళ్లలు నేను పెట్టనా?’ అంది. చూపుడువేలు, మధ్యవేలు, గోళ్ల దగ్గర పసుపుపచ్చగా ఉండేవి నాకు. ఆమె పెట్టిన బిళ్లలో సున్నా వచ్చింది. బిళ్లలను పట్టకారుతోనే పట్టుకోవాలని మాకు నియమం ఉంది. తొందరలో నేను అంచు పట్టుకుని సర్దేవాణ్ని. అంతే.

ఆ వేళ్లతోనే అప్పట్లో మా అబ్బాయికి అన్నం తినిపించాను.

గోడలు, బట్టల లాంటి వాటి మీద చేరిన నికోటిన్ గాలిలోని నైట్రస్ ఆమ్లంతో కలిసి అక్కడికక్కడే నైట్రోసమీన్లు అవుతుందని 2010లో ప్రయోగాల్లో చూపించారు. పాకే పిల్లలు ముట్టుకున్న ప్రతిదీ నోట్లో పెట్టుకుంటారు. కాబట్టి చొక్కా మార్చి, చేతులు సబ్బుతో కడుక్కుని ఎత్తుకోమనడం చాదస్తం కాదు. అయితే చొక్కా కంటే పెద్ద సంగతి బాల్కనీ తలుపు. నోటితో లాగిన పొగ వేరు, రెండు దమ్ముల మధ్య కొసన దానంతట అది లేచే పొగ వేరు. రెండోది తక్కువ వేడిలో, వడపోత లేకుండా పుడుతుంది. అందులో చాలా విషాలు మొదటి దానికంటే ఎక్కువ మోతాదులో ఉంటాయి. పక్కవాళ్లు పీల్చేది ముఖ్యంగా దాన్నే. జపాన్‌లో తకేషి హిరాయామా, తాము పొగ తాగని 91,540 మంది భార్యలను 14 ఏళ్లు పరిశీలించి, భర్త ఎంత ఎక్కువ తాగితే భార్యకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు అంత పెరుగుతోందని 1981లో ప్రచురించారు. ఈ పేరా మీ వారికి చదివి వినిపించండి. పాప పేరు ఎత్తకండి, పోట్లాట అవుతుంది. మీ పేరే ఎత్తండి.

*

ప్రశ్న: ఒక రసాయనం క్యాన్సర్‌ను ‘కలిగిస్తుంది’ అంటారు. కణంలో నిజంగా ఏం జరుగుతుంది? మా పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యంతో సరిపెట్టారు.
— జీవశాస్త్రం చదువుతున్న విద్యార్థిని

జవాబు: చాలా మంచి ప్రశ్న తల్లీ. ఒక్క అణువు వెంట నడుద్దాం. పేరు బెంజోపైరీన్. ఐదు వలయాలు తేనెపట్టు గదుల్లా అతుక్కుని ఉంటాయి. పొగగొట్టాలు తుడిచే కుర్రాళ్లకు వృషణాల తిత్తి మీద క్యాన్సర్ రావడానికి మసే కారణమని 1775లోనే లండన్ శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్ రాశాడు. ఆ మసిలో ఏముందో తెలియడానికి ఒకటిన్నర శతాబ్దం పట్టింది. 1930ల మొదట్లో లండన్‌లోనే కొందరు పరిశోధకులు రెండు టన్నుల బొగ్గుతారును వడబోసి, శుద్ధిచేసి చేతికి తెచ్చుకున్న పసుపుపచ్చటి స్ఫటికం ఇదే. ఒక సిగరెట్ పొగలో ఇది కొన్ని నానోగ్రాములే ఉంటుంది. నానోగ్రాము అంటే గ్రాములో వందకోట్లవ వంతు.

విచిత్రం ఏమిటంటే, ఇది లోపలికి వెళ్లినప్పుడు అంత చురుకైనది కాదు. నూనెలో కరుగుతుంది, నీటిలో కరగదు. దాన్ని బయటికి పంపాలంటే నీటిలో కరిగేలా చేయాలి కాబట్టి శరీరంలోని ఎంజైములు దానికి ఆక్సిజన్ తగిలిస్తాయి. ఆ మరమ్మతు మధ్యలో, అటు పాతదీ ఇటు కొత్తదీ కాని ఒక రూపం పుడుతుంది. డయోల్ ఎపాక్సైడ్ అంటారు. దాని ఒక కొస దేన్నైనా పట్టుకోవాలని ఆత్రపడుతుంటుంది. పక్కనే డీఎన్‌ఏ. అందులో ‘జి’ అక్షరానికి, అంటే గ్వానైన్‌కు, పోయి అతుక్కుంటుంది. ఇంటిని శుభ్రం చేయబోయి చీపురుపుల్ల కంట్లో గుచ్చుకున్నట్టు అన్నమాట.

చాలాసార్లు మరమ్మతు యంత్రాంగం ఆ అతుకును కత్తిరించి సరిచేస్తుంది. సరిచేసే లోపే కణం విభజన చెందితే, నకలు తీసేటప్పుడు ‘జి’ ఉండాల్సిన చోట ‘టి’ పడుతుంది. అది ఏ మూలనో పడితే ఏమీ కాదు. టీపీ53 అనే జన్యువులో పడితే కథ వేరు. దెబ్బతిన్న కణాన్ని ఆపే, అవసరమైతే చంపే బాధ్యత ఆ జన్యువుది. 1996లో గెర్డ్ ఫైఫర్ బృందం చేసిన పని చూడు: ప్రయోగశాలలో కణాల మీద ఈ డయోల్ ఎపాక్సైడ్‌ను వేసి, టీపీ53లో అది ఎక్కడెక్కడ అతుక్కుంటుందో పటం గీశారు. 157, 248, 273 స్థానాలు. ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్లో ఆ జన్యువు ఎక్కువగా చెడిన చోట్లు కూడా అవే. అంతదాకా ఉన్న సాక్ష్యం ఎక్కువగా జనంలో రోగుల లెక్కలదే. ఇది వేలిముద్ర దొరికినట్టు.

ఒక్క దెబ్బతో క్యాన్సర్ రాదు, పోగవ్వాలి. రోజుకో పెట్టె చొప్పున ఏడాది తాగితే ఒక్కో ఊపిరితిత్తి కణంలో సగటున 150 ఉత్పరివర్తనలు, అంటే ఇలాంటి అక్షరదోషాలు, చేరతాయని 2016లో లెక్కగట్టారు. స్వరపేటికలో 97, నోటిలో 23, మూత్రాశయంలో 18. పొగ మూత్రాశయానికి ఎలా వెళ్లిందని నువ్వు అడుగుతావు. 4-అమినోబైఫినైల్ లాంటి అమీన్లు రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రంలోకి చేరి గంటల తరబడి ఆ సంచిలో నిలవ ఉంటాయి. అదే జాతి రసాయనాలు ఒకప్పుడు రంగుల కర్మాగారాల్లో కార్మికులకు మూత్రాశయ క్యాన్సర్ తెచ్చాయి.

*

ప్రశ్న: నేను రోజుకు ఒక్కటే తాగుతాను, కొన్ని రోజులు అదీ లేదు. నన్ను కూడా ఈ లెక్కలో వేస్తారా?

జవాబు: వేశారు. జీవితమంతా సగటున రోజుకు ఒకటి కంటే తక్కువ తాగినవాళ్లలో కూడా ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు, అసలు తాగనివాళ్ల కంటే సుమారు 9 రెట్లు ఉన్నాయని 2017లో అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనంలో తేలింది. ఎన్ని అనేదానికంటే ఎన్నేళ్లు అనేదే ఎక్కువ బరువు తూగుతుంది.

*

ప్రశ్న: మానడానికి నికోటిన్ పట్టీ వాడమన్నారు. విషానికి విరుగుడు విషమా? దానితో క్యాన్సర్ రాదా?

జవాబు: అంతర్జాతీయ క్యాన్సర్ కారకాల జాబితాలో నికోటిన్ లేదు. అది బానిసను చేస్తుంది, 10–20 సెకన్లలో మెదడును చేరి ఇంకొకటి వెలిగించమంటుంది. జనం తాగేది నికోటిన్ కోసం, చచ్చేది తారు వల్ల అని బ్రిటన్ వైద్యుడు మైఖేల్ రసెల్ 1976లోనే చెప్పాడు. పట్టీలో నిప్పు లేదు, తారు లేదు. గర్భిణులు, గుండెజబ్బు ఉన్నవాళ్లు వైద్యుణ్ని అడిగి వాడాలి. మిగతావాళ్లు భయపడాల్సింది పట్టీకి కాదు. నేను మూడోసారికి మానగలిగింది దానితోనే.

*

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. 35 ఏళ్లుగా తాగుతున్నాను. ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉందన్నారు. ఇప్పుడు మానినా ఒరిగేదేముంది?

జవాబు: మూడేళ్లు. ఇది ఊరడింపు కాదు, లెక్క. బ్రిటన్ పరిశోధకుడు రిచర్డ్ డాల్ తదితరులు 34,439 మంది బ్రిటిష్ వైద్యులను 1951 నుంచి 50 ఏళ్లు వెంటాడారు. మానకుండా తాగినవాళ్లు సగటున పదేళ్ల ముందే పోయారు. 60వ ఏట మానినవాళ్లకు అందులో 3 ఏళ్లు, 50లో 6, 40లో 9, 30లో దాదాపు పదికి పదీ తిరిగి వచ్చాయి. మీకు ఇంకా రెండేళ్ల వెసులుబాటు ఉంది.

ఎక్స్‌రే శుభ్రంగా ఉందని నిశ్చింతగా ఉండకండి. 53 వేలకు పైగా ఎక్కువగా తాగేవాళ్లు, తాగి మానినవాళ్లతో అమెరికాలో జరిగిన పరీక్షలో తక్కువ మోతాదు సీటీ స్కాన్‌కు పోటీగా నిలబెట్టింది మీ ఎక్స్‌రేనే. 2011లో ఫలితాలు వచ్చాయి. సీటీ తీయించుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తక్కువ. క్యాన్సర్ కాని మచ్చలు కూడా అందులో చాలా కనిపించి కంగారు పెడతాయి, అది దాని లోపం. మీ వయసుకు, మీ 35 ఏళ్లకు అది అవసరమో కాదో వైద్యుణ్ని అడగండి.

ఇంకొకటి. 2020లో 16 మంది శ్వాసనాళాల కణాల డీఎన్‌ఏను విడివిడిగా చదివినప్పుడు, మానేసినవాళ్లలో దాదాపు దెబ్బతినని కణాలు కొన్ని కనిపించాయి. ఇంకా తాగుతున్నవాళ్లలో కంటే అవి నాలుగు రెట్లు ఎక్కువ. పొగ ఆగాక అవే మెల్లగా నాళాల గోడను మళ్లీ పరుచుకుంటున్నట్టుంది. నేను మానేసి అప్పటికే చాలా ఏళ్లయినా, ఆ వ్యాసం మాత్రం రెండుసార్లు చదివాను.

*

ప్రశ్న: మానేసి ఆరు వారాలయింది. దగ్గు తగ్గకపోగా ఎక్కువైంది. పైగా ఎప్పుడూ తాగే కాఫీనే ఇప్పుడు గుండె దడ పుట్టిస్తోంది, నిద్ర పట్టడం లేదు. మానడం నాకు పడలేదేమో!

జవాబు: పడింది, అందుకే ఈ గొడవ. శ్వాసనాళాల లోపలి గోడకు సన్నటి వెంట్రుకల్లాంటివి ఉంటాయి. ధూళిని, కఫాన్ని పైకి ఊడ్చేది అవే. పొగలోని ఎక్రోలిన్, హైడ్రోజన్ సయనైడ్ వాటిని చచ్చుబడేలా చేస్తాయి. ఇప్పుడవి లేచి పాత బాకీ ఊడుస్తున్నాయి. కొద్ది వారాల్లో సర్దుకోవాలి. కఫంలో రక్తపు చార కనిపించినా, గొంతు బొంగురు మూడు వారాలు దాటినా, బరువు తగ్గుతున్నా నా శీర్షికకు ఉత్తరం రాస్తూ కూర్చోకుండా వైద్యుడి దగ్గరికి వెళ్లండి.

దడకు కారణం వేరు. పొగలోని బెంజోపైరీన్ జాతి పదార్థాలు మీ కాలేయంలో ఒక ఎంజైమును ఇన్నాళ్లూ ఉరుకులు పెట్టించాయి. కాఫీలోని కెఫీన్‌ను విరగ్గొట్టేది కూడా అదే ఎంజైము. పొగ ఆగిన కొద్ది రోజులకే దాని వేగం పడిపోతుంది. కప్పు పాతదే, కెఫీన్ మాత్రం ఒంట్లో రెట్టింపు సేపు తిరుగుతుంది. ఉబ్బసానికి వాడే థియోఫిలిన్, మానసిక వ్యాధులకు వాడే క్లోజపిన్, ఒలాంజపిన్ కూడా ఇదే దారిన పోయే మందులు. అవి వాడుతుంటే మానేసిన సంగతి వైద్యుడికి వెంటనే చెప్పాలి, మోతాదు తగ్గించాల్సి రావచ్చు. అవేవీ వాడకపోతే కాఫీని సగానికి తగ్గించండి. సాయంత్రం కప్పు మానేయండి. వారం చూసి, నిద్ర పట్టిందో లేదో రాయండి.